బెదరిన కుక్క

(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)

 

ప్రతి సంవత్సరము ఈ వేదికపై నేను మాతృభాషను గూర్చియే మాటలాడుచు వచ్చితిని. మీరు ఓపికతో వింటిరి. కొందరు కునుకు తీసిరి; అది నా దోషమే గాని వారిది కాదు. ఈ యేడు మన సంఘ కార్యదర్శిగారు నన్ను పిలిచి, "అయ్యవారూ, తలిదండ్రులందరు మీ కుక్కను గూర్చి అడుగుచున్నారు. ఈసారి దానిని గూర్చియే చెప్పుడు" అనిరి. మొదట నాకు చిన్నతనముగా తోచెను. బడి పండుగనాడు కుక్క ప్రసంగమేమని సంకోచించితిని. కాని ముప్పది యేండ్ల ఉద్యోగములో నేను సరిగా నేర్వని పాఠ మొకటి ఆ జంతువువలన నేర్చుకొంటిననుట నిజము. కావున ఒప్పుకొంటిని.

తిరుత్తణిలో ఉన్నవారు మమ్ము చూచియే యుందురు. తెల్లవారకముందే, వీథిలో జనసంచారము లేని వేళ, మూతికి చిక్కము తగిలించిన నల్లని నాటుకుక్కను త్రాటితో పట్టుకొని నడచుచు, ఎవరైనను ఎదురైనచో గిరుక్కున వెనుకకు తిరిగిపోవు మేష్టరు నేనే. తిరువళ్ళూరు నుండి రైలులో వచ్చిన తలిదండ్రులకొరకు ఈ కథ మొదటి నుండి చెప్పెదను.

2022వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీ దీపావళి. ఆ రాత్రి మా వీథిలో టపాకాయల సరములు పేలుచుండగా ఒక కుక్క గోడ దూకి మా పెరటిలో పడి, బట్టలుతుకు రాతిక్రింద దూరెను. తెల్లవారినను వెలుపలికి రాలేదు. మరునాడు గాని నీళ్ళు ముట్టలేదు. అదియు మేమెవ్వరమును చూడని సమయమున. దాని కుడి తొడపై అరచేతి మేర వెండ్రుకలు లేని కాలినమచ్చ యుండెను. ఎవరో వేడినీళ్ళు పోసియుందురని మా యింటివారు అనుకొనిరి. నాలుగవనాడు మా మనుమరాలు దానికి మణి యని పేరు పెట్టెను. పేరు పెట్టిన పిమ్మట తరిమివేయుట కష్టము.

ఇచ్చట భాషను గూర్చి ఒక్కమాట చెప్పక తప్పదు. అలవాటు పోదు గదా. మా ఊరు 1960 ఏప్రిల్ 1వ తేదీన ఆంధ్రప్రదేశము నుండి మదరాసు రాష్ట్రమున చేరిన సంగతి మీ యింటి పెద్దలు చెప్పియుందురు. ఆ సంగతి వీథికుక్కల కెవ్వరును చెప్పలేదు. అవి నేటికిని రెండు భాషలను వినుచునే బ్రతుకుచున్నవి. మేము "రా" యని పిలిచినను మణికి తెలియలేదు. కూరలమ్మి "వా" యని పిలిచినను తెలియలేదు. కాని "పో" యను మాట తెలుగునను కలదు, తమిళమునను కలదు. ఆ యొక్క మాట దానికి చక్కగా తెలియును. ఇంటిలో ఎవరు ఎవరితో ఆ మాట యన్నను, తోకను తొడల నడుమ దాచుకొని గోడకు కరచుకొనెడిది. నా ధర్మపత్ని పాలవానితో "పోయి రా నాయనా" యని మర్యాదగా అన్నను అంతే.

నెల దినములు గడచునప్పటికి దాని భయము వేరొక రూపము దాల్చెను. వీథిలో అందరిని చూచి పారిపోవలసిన ప్రాణి, మా యింట త్రాటికి కట్టుబడగానే, పారిపోవుటకు వీలులేక మీదికి దూకసాగెను. శిరస్త్రాణము ధరించి మోటారుసైకిలుపై వచ్చువారు, చేతికఱ్ఱ పట్టిన ముసలివారు, పరుగెత్తు పిల్లలు, చెఱకు బండ్లు లాగు ట్రాక్టర్లు – వీనిలో దేనిని చూచినను రొమ్ము చీల్చుకొని మొరగెడిది. కుక్క యెదుటివానిని తరుముటకు మొరగుచున్నదని చూచువారి కనిపించును. అది మొరగుట తనకును ఆ మనుష్యునకును నడుమ చోటు కావలెనని. ఈ భేదము నాకప్పుడు తెలియదు. ఇరుగుపొరుగువారు, "మేష్టరుగారు పిల్లలను అదుపులో పెట్టుదురు గాని కుక్కను పెట్టలేరు" అని నవ్విరి. ఆ నవ్వు నాకు గ్రుచ్చుకొనెను.

అందువలన నేను శిక్ష నారంభించితిని. మణి గుఱ్ఱుమన్నప్పుడెల్ల చుట్టిన వార్తాపత్రికతో ముట్టెపై కొట్టి, కన్నెఱ్ఱజేసి కేకవేసితిని. రెండు వారములలో గుఱ్ఱుమనుట మానెను. మనుష్యులు వచ్చినను నోరు మెదపక నిలుచుండెడిది. క్రమశిక్షణ ఫలించినదని నేను పొంగితిని. ఇరుగుపొరుగువారిని పిలిచి చూపితిని గూడ.

2023 ఫిబ్రవరిలో ఒకనాటి సాయంకాలము, దాని యెదుటి ఖాళీపళ్ళెరమును తీయుటకు వంగితిని. అది గుఱ్ఱుమనలేదు. పండ్లు చూపలేదు. నా యెడమచేతిని రెండు మారులు కరచి, ఆ వెంటనే రాతిక్రింద దూరి మూత్రము విడిచెను. గెలిచినవాడు అట్లు చేయడని నాకానాడే తోచియుండవలసినది.

చేతిని సబ్బుతో, ధారగా పడు నీటిక్రింద, పదునైదు నిమిషములు కడిగి, ప్రభుత్వాసుపత్రికి పోయితిని. రక్తము వచ్చిన కాటు గనుక గాయములోపలను చుట్టును ఒక మందు ఎక్కించి, ఆ దినమున, మూడవ, ఏడవ, ఇరువది యెనిమిదవ దినములందు చర్మములో టీకాలు వేసిరి. కుక్కకు పూర్వమే టీకా వేయించియుంటిమి. ఐనను నా చికిత్స మానలేదు. "నాయనా, ఇక దానిని విడిచిపెట్టుము. ఇంటిలో పసిబిడ్డ యున్నది" యని మా అమ్మాయి కంటనీరు పెట్టుకొనెను. ఆమె భయములో తప్పు లేదు. ఒక వారము దినములు నేనును అట్లే తలచితిని.

తిరువళ్ళూరు నుండి మా ఊరికి వచ్చిపోవు ఒక పశువైద్యుడు అప్పుడు మణిని చూచెను. మొట్టమొదట చెవులను పరీక్షించి, కుడిచెవిలో లోతుగా పుండు గలదనియు, నొప్పిగల జంతువు ఓర్పుతో నుండుట అసంభవమనియు చెప్పి దానికి మందిచ్చెను. పిమ్మట నా వలన జరిగినదంతయు విని, "అయ్యవారూ, గుఱ్ఱుమనుట అది మీకు కొట్టు గంట. మీరు దొంగను పట్టలేదు, గంటను ఊడబెరికితిరి" అనెను. పరాభవముగా నుండెను. ఐనను ఆ మాటకు నా యొద్ద బదులు లేకపోయెను.

ఆ రాత్రి నాకు నన్నయభట్టారకుని ఆదిపర్వము జ్ఞప్తికి వచ్చెను. మన భారతకథ ఉదంకుని కుండలముల వృత్తాంతమునకు ముందే ఒక కుక్కపిల్లతో మొదలగును. జనమేజయుని యజ్ఞశాలలో ఆడుకొనుచున్న సారమేయుని రాజసోదరులు నిష్కారణముగా కొట్టిరి. దాని తల్లి సరమ సభకు వచ్చి, మంచిచెడ్డలు తలపక దుర్బలులను బాధించువారికి కారణము తెలియని భయములు వచ్చునని చెప్పి పోయెను. దీనిని నేను పిల్లలకు అనేక పర్యాయములు పాఠము చెప్పితిని. సరమ చెప్పిన ఆ భయము నా చేతి కట్టులో కూర్చుండియుండగా గాని దాని యర్థము నా తల కెక్కలేదు.

ఇక దారి యేమి? ఉపాధ్యాయులమగు మేమందరము శిక్షణ తరగతులలో పావ్లోవ్ పండితుని కుక్కలను గూర్చి చదివి, పరీక్ష వ్రాసి, మరచితిమి. ఆహారమునకు ముందు ప్రతిసారియు ఒక ధ్వని వినిపించిన యెడల, తుదకు ఆ ధ్వనికే కుక్క నోరూరును. ఈ సూత్రమును భయము పోగొట్టుటకు మొదట వాడిన వారిలో మేరీ కవర్ జోన్స్ అను అమెరికా వనిత యొకతె. ఆమె 1924లో ప్రకటించిన వ్యాసములో పీటరు అను మూడేండ్లు నిండని బాలుడు గలడు. వానికి కుందేలన్న భయము. దూదినిగాని ఈకనుగాని చూచినను భయమే. ఆమె వానిని కోప్పడలేదు, ధైర్యమును గూర్చి ఉపన్యసింపలేదు. వాడు ఇష్టమైన తినుబండారము తినుచుండగా, పంజరములోని కుందేటిని గదిలో దూరముగా నుంచి, వాని తిండికి భంగము కలుగనంత మేరకే దినదినము దగ్గరకు జరిపెను. తుదకు వాడు కుందేటిని నిమురుచు కూర్చుండెను. పశువైద్యుడు మాకు చెప్పిన పద్ధతి సరిగా ఇదియే.

మా యింట మాంసము వండరు. కోడిగ్రుడ్డును గూర్చి నా ధర్మపత్నితో మూడు దినములు సంప్రదింపులు జరిగి, పెరటిలో, వేరు పొయ్యిపై, వేరు గిన్నెలో ఉడికించుట కామె అంగీకరించెను. ఇప్పుడు ఉడికించునది ఆమెయే.

పద్ధతి వినుటకు సులభము. మా వసారా నుండి వీథి తలుపునకు నలువది అడుగులు. అంత దూరమున మనుష్యుడు కనబడినప్పుడు మణి చూచును గాని మొరగదు. కనబడగానే గ్రుడ్డుముక్క, కనుమరుగు కాగానే ముక్కలు బంద్. మనుష్యుడు ముందు, గ్రుడ్డు తరువాత – ఈ వరుస తప్పరాదు. గ్రుడ్డు ముందు వచ్చినచో, గ్రుడ్డును చూచియే కుక్క బెదరుట నేర్చును. నేను రెండు వారములు ఈ తప్పు చేసితిని. ఆట ఐదు నిమిషములే. పెదవులు నాకుకొనుట, నిద్రలేకయే ఆవలించుట, మొగము త్రిప్పుకొనుట, కంటి తెల్లగుడ్డు కనబడుట – ఇవి గుఱ్ఱునకు ముందు వచ్చు చిన్న గంటలు. ఇష్టమైన ముక్కను గూడ నోట పట్టకున్నచో మనము మితిమీరి దగ్గరకు వచ్చితిమని యర్థము. వెంటనే వెనుకకు పోవలెను. ఆ నలువది అడుగులు ఇరువది యగుటకు మాకు నాలుగు మాసములు పట్టెను.

దానికొక దాగుచోటును ఏర్పరచితిమి. నులక మంచముక్రింద గోనెసంచి పరచి, మూడు ప్రక్కల దుప్పటి వ్రేలాడదీసితిమి. అచ్చటికి పోయినప్పుడు దానిని ఎవ్వరును పలుకరింపరాదు, లాగరాదు. మనుమరాలికిది గట్టిగా చెప్పితిమి; చెప్పుటతో తృప్తిపడక నడుమ ఒక తడికె తలుపును గూడ పెట్టితిమి. పసిపిల్లను బెదురుకుక్కతో ఒంటరిగా విడువరాదు. ఎంత మచ్చికైనదైనను విడువరాదు. చిక్కమునకు లోపల గ్రుడ్డుసొన పూసి, దాని మూతి అదియే లోపల పెట్టువరకు మూడు వారములు వేచితిమి. "పో" యను మాటను ఇంటిలో నిషేధించితిమి. మా ధర్మపత్ని పాలవానిని "మంచిది నాయనా, రేపు రా" యని పంపసాగెను. "రా" యన్నపుడెల్ల ముక్క దొరకును. పట్టుకొనుట, కట్టుట, స్నానము చేయించుట మొదలగునవేవియు ఆ మాట వెంబడి రాకుండ చూచుకొంటిమి.

కుక్కపిల్లకు పుట్టిన మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు మనుష్యులతో చెలిమి సులభముగా కుదురుననియు, ఆ కాలము దాటిన పిమ్మట కష్టమగుననియు స్కాట్, ఫుల్లర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1965 నాటి తమ గ్రంథమున తెలిపిరి. మణికి ఆ వారములు ఏ చెత్తకుండీ ప్రక్క గడచెనో! కనుక అది అన్ని కుక్కలవలె నగునని మేమాశింపలేదు.

2023 ఆడికృత్తికనాడు మా శ్రమయంతయు నీళ్ళపాలయ్యెను. తిరుత్తణి ఆడికృత్తిక యెట్టిదో మీకు చెప్పనక్కరలేదు. కావళ్ళు, డప్పులు, హరోం హర ధ్వనులు, చిత్తూరు ప్రాంతమునుండి వచ్చు బండ్లు. చుట్టములు వచ్చిపోవు సందడిలో ఎవరమో గడియ వేయలేదు. మణి కనబడలేదు. రెండు రాత్రులు వెదకితిమి. మూడవనాడు ఊరి వెలుపల చెఱకుతోట ప్రక్క తూములో రెండు కండ్లు కనబడెను. త్రాటితో దగ్గరకు పోబోయి, ఆగితిని. తూమునకు వీపు త్రిప్పి నేలపై కూర్చుండి, "రా" యని ఒక్కసారి పిలిచి, ఊరకుంటిని. గంటసేపు ఏమియు జరుగలేదు. దోమలు మాత్రము మిక్కిలిగా కుట్టెను. దారిన పోవువారు మేష్టరున కేమైనదని నిలుచుండి చూచిరి. చేయి యూపి పంపివేసితిని. చీకటి పడుచుండగా నా మోచేతికి తడిముక్కు తగిలెను.

ఆ మీదట మరల నలువది అడుగుల నుండియే మొదలు. ఆ యేటి దీపావళికి వైద్యుడు వ్రాసి యిచ్చిన మాత్ర వేసినను రాత్రియంతయు వణకెను. 2024లో లోపలి గదిలో, కిటికీలు మూసి నాదస్వరము వినిపించుచుండగా సగము అన్నము తినెను. మొన్న 2025లో నా కుర్చీక్రింద పండుకొని, వణకుచునే, గ్రుడ్డుముక్కను నా చేతినుండి తీసికొనెను. శిరస్త్రాణములన్న భయము పోలేదు, పోదేమో. వెలుపల చిక్కము తప్పదు. కాని మరల గుఱ్ఱుమనుట నేర్చుకొనినది! మొదటిసారి ఆ గుఱ్ఱు విన్నప్పుడు నేను పళ్ళెరము నచ్చటనే విడిచి వెనుకకు నడచి, పట్టరాని సంతోషముతో ఇంటివారినందరిని పిలిచి చెప్పితిని. వారు నన్ను వింతగా చూచిరి.

ఇంతవరకు కుక్క కథ. ఇక చెప్పబోవునది చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది. ఐనను తలిదండ్రులకు చెప్పక తప్పదు.

గత సంవత్సరము మన బడి బాలుడొకడు నాలుగు దినములు కాలు ఈడ్చుచు నడచెను. ఉపాధ్యాయిని అడుగగా పడితిననెను. ఐదవనాడు, మధ్యాహ్నభోజనము వండు ఆయమ్మతో, ఆమె ఎన్నడును ఎవరిని కసరని మనిషి గనుక, కుక్క కరచినదని మెల్లగా చెప్పెను. ఇంటిలో చెప్పినచో తండ్రి కొట్టునని భయము. బడిలో చెప్పినచో నేను శిక్షింతునని భయము. ఏలనన, కుక్కల జోలికి పోయిన వారిని వెలుపల నిలువబెట్టుదునని ప్రార్థనావేళ బెదరించినవాడను నేనే. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను పిల్లలను కొట్టుటను, మనసు నొప్పించుటను నిషేధించినది. బెత్తము నా చేత లేదు గాని, బెత్తము చేయు పని నా నోరు చేసెను. మణి యింట నేర్పిన దానిని బడిలో మరచితిని.

కుక్కవెఱ్ఱి లక్షణములు ఒకసారి పైకి కనబడిన పిమ్మట దాదాపు ఎవరును బ్రతుకరు. లక్షణములు కనబడుటకు ముందు టీకా వేసినచో ప్రాణము నిలుచును. ఆ నడుమ నున్న దినములలో నాలుగింటిని ఆ పసివాడు భయముచేత మ్రింగివేసెను. వాని తండ్రికి కబురు చేసి, అందరము ఆసుపత్రికి పరుగెత్తితిమి. సూదులన్నియు వరుసగా పడినవి. బాలుడు క్షేమముగా నున్నాడు. ఆ తండ్రి ఆసుపత్రి మెట్లపై కూర్చుండి ఏడ్చెను. ఆయన ఈ సభలో నున్నారేమో యని నేను చూడబోను.

నాటినుండి మన బడిలో వరుస మార్చితిమి. కాటనిగాని గీఱనిగాని ఎవరైనను చెప్పినచో, మొదట సబ్బు, నీళ్ళు, పదునైదు నిమిషములు, తరువాత ఆసుపత్రి. ఎందుకు పోయితివి, ఎక్కడికి పోయితివి అను ప్రశ్నలు ఆ దినమున అడుగము. పసుపు, సున్నము, కారము గాయమునకు పెట్టకుడు. మీ యిండ్లలోను ఈ వరుసనే పాటింపుడని వేడుకొనుచున్నాను. వీథిలో కుక్క మొరగినచో పరుగెత్తక, చేతులు దించి, దాని కండ్లలోనికి చూడక చెట్టువలె నిలువవలెనని పిల్లలకు చూపితిమి. ఇంటివద్ద ఒకసారి చేయించి చూడుడు, వారికి వేడుకగా నుండును. తినుచున్న దానిని, పిల్లలను పెట్టినదానిని సమీపింపరాదు. బడులలోనికి వీథికుక్కలు రాకుండ కట్టుదిట్టము చేయవలెనని 2025 నవంబరు 7వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞాపించినది. మన పడమటి గోడకున్న కన్నమును మూయించితిమి. మణిని చూడవలెనని పిల్లలు నన్ను తొందరపెట్టుచున్నారు. అది ఈ ఆవరణలోనికి ఎన్నడును రాలేదు, రాదు. ఇంతమంది పిల్లలను ఒక్కసారి చూచుటకు తగిన దూరము మన మైదానములో లేదు.

కాలాతీతమైనది. ఏడుగంటలకు మణికి అన్నము పెట్టవలెను. వేళ తప్పినచో మంచముక్రింద నుండి రాదు. మా ధర్మపత్ని గ్రుడ్డు ఉడికించి తలుపుకడ చూచుచుండును.